కెటిల్ కోసం గీసిన గది

ఆ వీధిలో అందరికీ ఆమె మొటిమలక్క. ఫోటో స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని ముఖాల మీది మొటిమలు తీసేయడం ఆమె పని. పాస్‌పోర్టు ఫోటో దిగిన కుర్రాళ్లు కౌంటరు మీదికి వంగి, "అక్కా, ఈ బుగ్గ మీదిది మాత్రం మర్చిపోకు" అని బతిమాలేవారు. పెళ్లికూతుళ్ల తల్లులు చుట్టూ చూసి, "పిల్లదాని సంగతి సరే, నా గడ్డం కింద మడత కూడా కాస్త చూడమ్మా" అని చెవిలో చెప్పి వెళ్లేవారు. ఆమె అందరికీ తలూపేది గానీ, ఎవరి ముఖంలో ఎంత తీయాలో, ఎక్కడ చెయ్యి ఆపాలో తనే చూసుకునేది. మరీ నున్నగా చేస్తే మనిషి మైనపు బొమ్మయిపోతాడని ఆమెకు తెలుసు.

స్టూడియో యజమానిని చిన్నా పెద్దా అందరూ బాబాయి అంటారు. అలవాటులో పడి ఆయన భార్య కూడా ఒకసారి నలుగురిలో "బాబాయ్, భోజనానికి రండి" అని పిలిచి నాలుక కరుచుకుందని చెప్పుకుంటారు. ఆయన బొజ్జా పెద్దదే, నవ్వూ పెద్దదే. ఫోటో తీసేటప్పుడు ఎదుటివాళ్లను నవ్వమని అడగడు. తనే పకపకా నవ్వుతాడు. ఆ బొజ్జ ఊగడం చూసి ఎంత ముభావంగా ఉండేవాళ్లకైనా నవ్వొస్తుంది. మనిషి మంచివాడే కానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

ఒకరోజు పొద్దున్నే స్టూడియోకు కెటిల్ మేడమ్ వచ్చింది. అప్పటికింకా ఆమెకు ఆ పేరు లేదు, ఆ తర్వాత వీళ్లే పెట్టుకున్నారు. ఊరి చివర ఆమెకు చిన్న స్టీలు సామాన్ల కర్మాగారం ఉంది. అందులో తయారైన గిన్నెలు, మూతలు ఇన్నాళ్లూ వేరే కంపెనీల పేర్లతో అమ్ముడయ్యేవి. మొదటిసారి ఆమె తన సొంత పేరు మీద ఒక వస్తువు తెస్తోంది. నీళ్లు మరగగానే ఈల వేసే స్టీలు కెటిల్. పసిబిడ్డను తెచ్చినట్టు దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి, కౌంటరు మీద మెల్లగా విప్పింది.

"అట్టపెట్టె మీద దీని బొమ్మ వెయ్యాలి బాబాయ్. షాపులో ఆ పెట్టెను చూడగానే జనం చెయ్యి చాపాలి. అంతే నాకు కావల్సింది."

"ఓస్, అంతేనా? మనుషుల్నే కుదురుగా కూర్చోబెట్టి తీస్తాం. ఇది కదలదు, మెదలదు, కళ్లు మూసుకోదు. సాయంత్రానికి తీసుకెళ్లండి" అన్నాడు బాబాయి.

సాయంత్రం దాకా ఆయన ఆ కెటిల్‌తో కుస్తీ పట్టాడు. ఎటు నుంచి తీసినా కెటిల్ నడుం మీద ఆయన బొజ్జే కనిపిస్తోంది. పక్కకు జరిగితే బొజ్జ సన్నబడి సాగింది గానీ పోలేదు. నల్ల చొక్కా వేసుకుని తీశాడు. నల్ల బొజ్జ వచ్చింది. పరదా వెనక దాక్కుని, కన్నంలోంచి కెమెరా మూతి మాత్రం బయటపెట్టి తీస్తే, కెటిల్ నిండా పరదా, దాని నడుమ దొంగ కన్నులా కెమెరా. చివరికి నేల మీద బోర్లా పడుకుని తీశాడు. ఆ ఫోటోలో ఆయన బట్టతల బల్బులా మెరిసిపోయింది.

కెటిల్ మేడమ్ వచ్చి ఫోటోలన్నీ ఓపిగ్గా చూసింది. "బాబాయ్, నా కెటిల్‌లో మీరు కాపురం పెట్టేశారు" అంది.

బాబాయి గట్టిగా నవ్వేసి, లోపలికి చెయ్యి చూపించాడు. "దానికేం, మా అమ్మాయి ఉందిగా! ఎంతటి మచ్చనైనా మాయం చేస్తుంది. అమ్మాయ్, ఇందులోంచి నన్ను తీసెయ్!"

మర్నాడు మొటిమలక్క తీసేయడానికే కూర్చుంది. బొజ్జను చెరిపి, పక్కనున్న మెరుపును తెచ్చి అక్కడ అతికించింది. కెటిల్‌కు సొట్ట పడినట్టయింది. ఆ సొట్టను సరిచేసి, కెమెరాను చెరిపింది. ఆ చోట మెరుపు చచ్చిపోయింది. దీపాలు చెరిపింది, పరదా చెరిపింది. చెరిపిన కొద్దీ కెటిల్ మసకబారుతూ వచ్చి, చివరికి తడిగుడ్డతో తుడిచిన పలకలా మిగిలింది. ఇంతకాలం ముఖం మీది మచ్చను తీస్తే కింద ముఖం ఉండేది. ఇక్కడ బాబాయిని తీస్తే కింద ఏమీ లేదు. కెటిల్ కూడా ఆయనతోపాటే వెళ్లిపోతోంది.

ఆమె మౌస్ వదిలి, టేబుల్ మీది కెటిల్‌ను చాలాసేపు చూసింది. అప్పుడు నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది.

"బాబాయ్, దీన్ని నేను గీస్తాను."

"గీయడమేంటమ్మా?"

"ఫోటో వద్దు. ఖాళీ పేజీ తీసుకుని, ఇదే కంప్యూటర్లో, ఉన్నదున్నట్టు గీస్తాను. చూసినవాళ్లు ఫోటో అనుకునేలా."

బాబాయి బొజ్జ పట్టుకుని నవ్వాడు. ఆమెకు కోపం రాలేదు కానీ చెవులు వేడెక్కాయి. చిన్నప్పుడు బళ్లో డ్రాయింగు మాస్టారు కుండను గీయమంటే ఆమె గీసి చూపించింది. "గుమ్మడికాయ బాగుంది" అన్నాడాయన. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి పెన్సిల్‌తో బొమ్మ గీయమంటే ఆమె వేళ్లు కొయ్యబారిపోతాయి. కానీ స్టూడియోలో మొటిమలతోపాటు ఇంకో పని కూడా చేసేది. ఎవరెవరో పెట్టెల అడుగు నుంచి తీసి తెచ్చే పాత ఫోటోలను బాగుచేసేది. చెదలు తిన్న చోట చెవి ఉండదు, చిరిగిన చోట కుర్చీ కాలుండదు. ఆమె కంప్యూటర్లో ఒక్కొక్క చుక్కగా చెవిని పుట్టించేది, కుర్చీకి కాలు పెట్టేది. ఎంతమంది తాతయ్యలకు కొత్త చెవులు పెట్టిందో ఆమెకే గుర్తులేదు. ఒక్క మనవడు కూడా ఇది మా తాత చెవి కాదని వెనక్కి తేలేదు. చెవిని పుట్టించిన చెయ్యి కెటిల్‌ను పుట్టించలేదా?

ఆ మాటే బాబాయితో అంది.

"చెవి వేరు, కెటిల్ వేరమ్మా. వంకరగా ఉన్నా చెవి చెవే. కెటిల్ వంకరైతే అది సొట్ట" అన్నాడాయన. అయినా ఆమె ముఖం చూసి మెత్తబడ్డాడు. "సరే, నా స్నేహితుడొకడున్నాడు. పెద్ద పెద్ద కంపెనీలకు ఫోటోలు తీస్తాడు. వచ్చేవారం వాణ్ణి రప్పిస్తున్నాను. ఈలోగా మధ్యాహ్నం నేను కునుకు తీసే టైములో నీ ఇష్టం. నేను లేచాక మాత్రం మొటిమలు మొటిమలే."

ఆ సంగతి విని కెటిల్ మేడమ్ ఇంకో కెటిల్ తెచ్చి ఆమె చేతికిచ్చింది. "ఇంటికి కూడా తీసుకెళ్లమ్మా. మీ బాబాయి నవ్వితే నవ్వనీ. నేను ఈ ఫ్యాక్టరీ పెడతానంటే మా వాళ్లూ ఇలాగే నవ్వారు" అంది.

బాబాయి గురక వినిపించగానే మొటిమలక్క పని మొదలయ్యేది. ముందు చుట్టుగీత. కంప్యూటర్లో చుక్కలు పెట్టి, వాటి మధ్య గీతను తీగలా వంచే పరికరం ఉంటుంది. చెయ్యి వణికినా గీత వణకదు. కెటిల్‌కు ఒక వైపు మాత్రమే గీసి, దాన్ని తిరగేసి రెండో వైపు అతికించింది. రెండు భుజాలూ త్రాసులో తూచినట్టు సమానంగా వచ్చాయి. డ్రాయింగు మాస్టారు గుర్తొచ్చి, చూడండి సార్ అని మనసులోనే అనుకుంది. తర్వాత ముక్కు, మూత, నల్లటి పిడి. ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క లేయర్‌లో గీసింది. అంటే గాజు పలకల మీద విడివిడిగా గీసి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. ఒకటి చెడితే దాన్నొక్కదాన్నే తీసేసి మళ్లీ గీసుకోవచ్చు. ఆ తర్వాత కెటిల్ ఒంటికి రంగు వేసింది. ఒక అంచున ముదురు బూడిద రంగు, మధ్యలోకి వచ్చేసరికి తెలుపు, మళ్లీ అటు అంచుకు బూడిద. ఎక్కడా గీత తెలియకుండా నున్నగా కలిపేసింది. చూసుకుని తెగ మురిసిపోయింది. కాగితం మీద ప్రింటు తీసి, బ్యాగులో నలగకుండా పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో గెలవాల్సింది అత్తయ్యను. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. బడి మానేసింది గానీ మార్కులు వేయడం మానలేదు. కూర ఉప్పగా ఉంటే అరవై, కొడుకు ఆలస్యంగా వస్తే సున్నా. కోడలికి ఎప్పుడైనా ఎనభై దాటి వేస్తే ఆ రోజు ఇంట్లో పండగే.

అత్తయ్య కళ్లజోడు సవరించుకుని కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఇది దేంతో చేశారు?"

"స్టీలు, అత్తయ్యా."

"నాకు ప్లాస్టిక్‌లా ఉందమ్మాయ్. మరిగే నీళ్లు పోసి పట్టుకున్నా దీనికి చెయ్యి కాలదు. యాభై. అది కూడా మూతకు."

కోడలు ఆ కాగితాన్ని మడిచి బియ్యం డబ్బా అడుగున పెట్టేసింది. అన్నం ముందు కూర్చున్నా ఆమె మనసు అక్కడ లేదు. ఆమె భర్త ఆ ముఖం చూసి, "మా అమ్మ నాకు పదో క్లాసులో కూడా ఇంతే వేసింది. నేను బతికే ఉన్నాగా?" అన్నాడు. ఆమె నవ్వలేదు. అత్తయ్య మాట నిజమని ఆమెకు తెలుసు కాబట్టి నవ్వు రాలేదు.

ఆదివారం పొద్దున వంటింట్లో ఎండ పడే వేళకు ఆమె కెటిల్‌ను టేబుల్ మీద పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒక అట్టముక్కకు చిన్న కన్నం చేసి, ఒంటికన్నుతో ఆ కన్నంలోంచి కెటిల్‌ను కొంచెం కొంచెంగా చూడసాగింది. కెటిల్ మొత్తాన్ని చూస్తే కన్ను ఇది స్టీలు, ఇది బూడిద రంగు అని తొందరపడి చెప్పేస్తుంది. కన్నంలోంచి గోరంత చోటే కనిపిస్తే ఆ తొందర ఉండదు. కన్నాన్ని నడుం దగ్గర పెట్టింది. నలుపు. బొగ్గంత నలుపు. వెంట్రుకవాసి పక్కకు జరిపింది. కళ్లు జిగేల్మనే తెలుపు. రెంటికీ మధ్య ఏమీ లేదు, కత్తితో కోసినట్టుంది. ఇంకాస్త కిందికి జరిపితే టేబుల్ చెక్క గోధుమరంగు. పైకి జరిపితే గోడ నీలం. ఎంత వెతికినా ఆమె అంత నున్నగా పూసిన బూడిద రంగు ఎక్కడా దొరకలేదు.

అంతలో అత్తయ్య చక్కెర డబ్బా కోసం వంటింట్లోకి వచ్చింది. ఆవిడ కప్పుకున్న ఆవపువ్వు రంగు శాలువా కెటిల్ ముక్కు దగ్గర పసుపుపచ్చగా పుట్టి, నడుం మీదుగా పాకి, పిడి కిందకు వెళ్లి మాయమైంది.

"అత్తయ్యా, మళ్లీ ఒకసారి రండి."

"ఎక్కడికి?"

"ఇటే. తలుపు దాకా వెళ్లి మళ్లీ రండి."

అత్తయ్య అనుమానంగా చూసి, అయినా నడిచింది. పసుపు చార మళ్లీ పుట్టి మళ్లీ పాకింది. కోడలు కుర్చీలోంచి చివాలున లేచింది.

"దీనికి సొంత రంగే లేదు అత్తయ్యా! కిటికీ, గోడ, టేబులు, మీరు, నేను... మనమే దీని రంగు! నేను కెటిల్‌ను గీస్తూ కూర్చున్నాను. గీయాల్సింది ఈ గదిని!"

"గదిని గీస్తే గది వస్తుంది గానీ కెటిల్ ఎలా వస్తుంది?" అంది లెక్కల టీచరు.

"వస్తుంది. చూస్తూ ఉండండి."

మర్నాడు బాబాయి కునుకు మొదలవగానే ఆమె పాత బూడిద రంగునంతా ఒక్క మీటతో చెరిపేసింది. కొత్త పేజీలో ఒక గది గీసింది. ఎవరి గదీ కాదు, ఆమె పుట్టించిన గది. అడ్డకమ్మీ ఉన్న కిటికీ, దాని అవతల వెలుగు, లేత నీలం గోడ, ఓరగా తెరిచిన తలుపు, కింద చెక్క టేబులు, పైన కప్పు. ఆ గదిని పట్టుకుని, గుడ్డను కుండకు చుట్టినట్టు, కెటిల్ నడుం చుట్టూ వంచింది. కిటికీ విల్లులా వంగి తెల్లటి పట్టీ అయింది. గోడ రెండు పక్కలకూ నొక్కుకుపోయి సన్నబడింది. తలుపు సందులోని చీకటి ఆ తెల్ల పట్టీని ఆనుకుని నల్లగా నిలబడింది. ఆమె ఆ నలుపును ఇంకా నల్లగా, తెలుపును ఇంకా తెల్లగా చేసి, రెంటి మధ్య అంచును పదునుపెట్టింది.

ఒక్కసారిగా తెర మీద స్టీలు పుట్టింది.

మొటిమలక్క చేతులు మౌస్ మీంచి వాటంతటవే లేచి నోటిని మూశాయి. లేకపోతే బాబాయి లేచిపోయేవాడు.

అక్కడి నుంచి పని పరుగందుకుంది. మూత అంచున దారమంత మెరుపు గీత. కెటిల్ ముక్కు నీడ దాని ఒంటి మీదే పడాలి, పడింది. పిడి మాత్రం మెరవకూడదు, అది గరుకైన నల్ల పిడి కాబట్టి దాని మీద వెలుగు పొడి చల్లినట్టుండాలి. ఎంత చేసినా కెటిల్ గాల్లో తేలుతున్నట్టు అనిపించి ఒక పూటంతా తలపట్టుకుంది. తర్వాత అది టేబుల్‌ను తాకే చోట సన్నటి నల్ల గీత గీసింది. వెంటనే కెటిల్‌కు బరువొచ్చి కూర్చుంది. ఈలోగా ఆమె మొటిమలను కూడా వదల్లేదు. ఆ వారం పాస్‌పోర్టు ఫోటోలు తీసుకున్నవాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదు.

రెండోసారి ప్రింటు తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టింది. ఈసారి ఆవిడ కళ్లజోడు తుడుచుకుని మరీ చూసింది. చూపుడువేలు బొమ్మ దాకా వెళ్లి, తాకకుండానే వెనక్కి వచ్చింది.

"తొంభై."

భర్త తింటున్న ముద్ద ఆపేశాడు. "అమ్మా, నిజంగానా?"

కోడలికి మాత్రం ఆశ పుట్టింది. "మిగతా పదీ ఎక్కడ పోయాయి అత్తయ్యా?"

"ఇల్లు బాగుంది, కిటికీ బాగుంది. కానీ ఇంట్లో ఎవరూ లేరమ్మాయ్. ఎవరూ లేని ఇంట్లో టేబుల్ మీద కెటిల్ ఎవరు పెట్టారు?"

ఆ మాట ముల్లులా దిగింది. అసలు గొడవంతా కెటిల్‌లో మనిషి కనిపించడం వల్లే మొదలైంది. ఆ మనిషిని తీసేయడానికే ఇంత అవస్థ. ఇప్పుడు చేతులారా ఇంకొకరిని తెచ్చి పెడితే మేడమ్ ఏమంటుంది? బాబాయి ఊరుకుంటాడా? ఆమె రెండు రోజులు అటూ ఇటూ ఊగిసలాడింది. వద్దని గట్టిగా అనుకున్నప్పుడల్లా ఆ ఖాళీ గది తెర మీంచి ఆమెను చూస్తూనే ఉండేది. చివరికి తలుపు పక్కన, కెటిల్ నడుం వంపులో, ఆవపువ్వు రంగు మరక ఒకటి పెట్టింది. ముఖం లేదు, చేతులు లేవు. గుమ్మంలో ఎవరో ఆగినట్టు గోరంత వెచ్చదనం. పెట్టి వెనక్కి జరిగి చూసింది. పక్కనున్న నీలం గోడ కూడా ఆ పసుపు వల్ల ఇంకా నీలమైంది. కెటిల్‌కు కాపురం వచ్చింది.

అనుకున్నట్టే బాబాయి స్నేహితుడు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. తెల్లటి గుడ్డతో చిన్న గుడారం కట్టి, కెటిల్‌ను అందులో కూర్చోబెట్టి, బయటి నుంచి దీపాలు వేసి ఫోటోలు తీశాడు. గుడారం కాబట్టి కెటిల్‌లో తెల్ల గుడ్డ తప్ప ఏమీ కనిపించలేదు. సాయంత్రం కెటిల్ మేడమ్ వచ్చి చూసి నిట్టూర్చింది.

"బాబాయి పోయాడు, సంతోషం. కానీ దీనికి జ్వరం వచ్చి లేచినట్టుంది కదండీ? కోడిగుడ్డుకు పిడి పెట్టినట్టుంది."

పొడుగాయన నొచ్చుకోలేదు. "నిజమే. మెరిసే స్టీలుతో వచ్చే చిక్కే ఇది. లోపల నల్ల అట్టలు పెట్టి ఇంకో రెండు రోజులు కష్టపడితే దారికొస్తుంది" అన్నాడు.

"రేపు పొద్దున్నే ప్రెస్సుకు ఇవ్వాలి. అంత వ్యవధి లేదు" అంది మేడమ్. బాబాయి తల గోక్కున్నాడు.

మొటిమలక్క గొంతు సవరించుకుంది. "మేడమ్, నేను గీసింది ఒకసారి చూస్తారా?"

ఆమె తెర తిప్పింది. పొడుగాయన అందరికంటే ముందు వంగాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి మళ్లీ వంగాడు.

"ఏ దీపాలు వాడావమ్మా?"

"దీపాలు లేవండి. కిటికీ వెలుగు."

"ఎవరింటి కిటికీ?"

"అది కూడా నేనే గీశాను."

ఆయన నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పులేదు. అప్పుడు ఆమె లేయర్లను ఒక్కొక్కటిగా మూసేయడం మొదలుపెట్టింది. ఒక మీట నొక్కితే పిడి మీది వెలుగు పోయింది. ఇంకోటి నొక్కితే మూత అంచు మెరుపు పోయింది. కిటికీ పోయింది, గోడ పోయింది, తలుపు పోయింది, కింద నల్ల గీత పోయి కెటిల్ గాల్లోకి లేచింది. చివరికి తెల్ల పేజీ మీద సన్నటి చుట్టుగీత మాత్రం మిగిలింది. బాబాయి నోరు తెరిచి, దాన్ని మూయడం మర్చిపోయాడు. ఆమె మళ్లీ ఒక్కొక్కటే తెరుస్తూ వచ్చింది. గీతకు ఒళ్లొచ్చింది, ఒంటికి గది వచ్చింది, గదికి వెలుగొచ్చింది. వాళ్ల కళ్ల ముందే కెటిల్ మళ్లీ టేబుల్ మీద బరువుగా కూర్చుంది.

"నా జన్మలో ఇలాంటిది చూడలేదు" అన్నాడు పొడుగాయన. ఆయన అంతసేపు ఒకే చోట నిలబడడం కూడా బాబాయి ఎప్పుడూ చూడలేదట.

కెటిల్ మేడమ్ ఆయన్ను పక్కకు జరగమంది. తెరకు దగ్గరగా వచ్చి వేలు పెట్టింది. సరిగ్గా పసుపు మరక మీద.

"ఇక్కడెవరో ఉన్నారు."

బాబాయి నీళ్లు నమిలాడు. "అది... చిన్న పొరపాటు మేడమ్. తీసేస్తుంది. తీయడంలో మా అమ్మాయి..."

"పొరపాటు కాదు బాబాయ్, కావాలనే పెట్టాను" అంది మొటిమలక్క.

"ఎవరు?" అంది మేడమ్.

"టీ కోసం ఎదురుచూస్తున్న మనిషి."

మేడమ్ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ మరకను చూస్తూ ఉండిపోయింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయో, తెర వెలుగుకు అలా అనిపించాయో గానీ, మాట మాత్రం నిదానంగా, స్పష్టంగా వచ్చింది.

"ఇన్నాళ్లూ ఇది మా ఫ్యాక్టరీలో ఉన్న కెటిల్. ఇప్పుడు ఒకరింట్లో ఉంది. అమ్మాయ్, ఒక్క చుక్క కూడా తీయకు. ఇదే ప్రెస్సుకు పోవాలి."

బాబాయి చప్పట్లు కొట్టిన చప్పుడుకు వీధిలో వాళ్లు ఆగి చూశారు. "నన్ను కెటిల్లోంచి తీసెయ్యమంటే, అసలు ఫోటోలు తీసే పనిలోంచే తీసేసేలా ఉన్నావు కదే తల్లీ!" అని, దారిన పోయేవాళ్లను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు. "చూడు, ఇది ఫోటోనా, బొమ్మా? చెప్పు!" వచ్చినవాళ్లంతా ఫోటో అన్నారు. అన్నప్పుడల్లా ఆయన తనే గీసినంతగా చంకలు గుద్దుకున్నాడు. ఆ రోజు సాయంత్రం పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చిన కుర్రాడికి మొటిమల మాట ఎత్తే సందే దొరకలేదు.

అట్టపెట్టెలు అచ్చయ్యే రోజు మేడమ్ తన కారు పంపింది. అత్తయ్య ఆవపువ్వు రంగు శాలువా ఉతికి, ఇస్త్రీ చేయించి, కప్పుకుని కోడలికంటే ముందే కారెక్కింది. ప్రెస్సులో రంగుల వాసన, చెవులు చిల్లులు పడే మోత. పెద్ద యంత్రం ఒక చివర తెల్ల కాగితాలు మింగుతోంది, రెండో చివర కెటిళ్లు కక్కుతోంది. ఒక్కో కాగితం మీద వరసగా కెటిళ్లు, ప్రతి కెటిల్ నడుం మీదా కిటికీ, ప్రతి గుమ్మంలోనూ పసుపు వెచ్చదనం. యంత్రం నడిపే పనివాడు ఒక కాగితం లాగి, వెలుగులో పట్టుకుని చూశాడు. చేతులు రెండూ పాతగుడ్డకు తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాడు. అవతలి యంత్రం దగ్గరున్న వాళ్లను చెయ్యి ఊపి పిలిచాడు.

వాళ్లు గుమిగూడి చూస్తుంటే అత్తయ్య మధ్యలోకి దూరి, పసుపు మరక మీద వేలు పెట్టి, "ఇది నేనే! ఇది నేనే!" అని అరిచింది. ఆ మోతలో ఎవరికీ ఒక్క ముక్క వినబడలేదు. వినబడ్డట్టు అందరూ తలలూపారు. ఆవిడ ఇంకా గట్టిగా అరిచింది.

మొటిమలక్క యంత్రం చివర నిలబడింది. కాగితం మీద కాగితం వచ్చి పడుతోంది. ఆమె చెయ్యి చాపి, పైనున్న కాగితం అంచును వేలితో తాకింది. ఇంకా వెచ్చగా ఉంది. ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోవాలని చూడలేదు. అంత మోతలో ఎవరికి వినిపిస్తుందిలే అని, తల వెనక్కి వాల్చి, బాబాయి కంటే పెద్దగా నవ్వింది.